జెరికొవాక్వారా – సావో లూయిస్ తీరమార్గం

బ్రెజిల్ ఈశాన్య భాగంలో అట్లాంటిక్ ఒడ్డు వెంబడి సియరా, పియవీ, మరన్యావ్ రాష్ట్రాల మీదుగా సాగే దారి ఇది. తూర్పున జెరికొవాక్వారా అనే జాలరి పల్లె దగ్గర మొదలవుతుంది. పార్నయీబా నది డెల్టాను దాటి, లెన్సోయిస్ మరన్యెన్సెస్ ఇసుక తిన్నెల గుండా పోయి, పడమట సావో లూయిస్, అల్కాంతారా అనే పాత పట్టణాల దగ్గర ముగుస్తుంది. 2005లో మూడు రాష్ట్రాలనూ కలిపి యాత్రామార్గంగా మలిచినప్పుడు దీనికి ‘రోటా దాస్ ఎమోసోయిస్’, అంటే భావోద్వేగాల దారి అని పేరు పెట్టారు. పేరు కొత్తదే గానీ దారి పాతది. 17వ శతాబ్దం మొదట్లో పోర్చుగీసు సైనికులు, జెజూయిట్ మతగురువులు, వారికంటే ఎంతో ముందు ఇక్కడి ఆదివాసులు ఈ ఒడ్డునే నడిచారు.

ఈ తీరం చరిత్ర తెలియాలంటే ముందు ఇక్కడి గాలి సంగతి తెలియాలి. వాణిజ్య పవనాలు ఏడాదిలో ఎక్కువ కాలం తూర్పు నుంచి పడమరకు వీస్తాయి. సముద్ర ప్రవాహం కూడా అటే లాగుతుంది. తెరచాప ఓడ పడమరకు సులువుగా పోతుంది, వచ్చిన దారినే వెనక్కి రావడం మాత్రం గండం. సావో లూయిస్ నుంచి దక్షిణాన అప్పటి బ్రెజిల్ రాజధాని సాల్వడోర్‌కు చేరడం కంటే మహాసముద్రం దాటి లిస్బన్ చేరడమే తేలికగా ఉండేది. ఇసుకను గుట్టలుగా పోసింది ఈ గాలే. ఈ ప్రాంతాన్ని చాలాకాలం బ్రెజిల్ నుంచి వేరుగా ఉంచిందీ ఈ గాలే.

మార్గం మొత్తంలో అతి విచిత్రమైన భాగం లెన్సోయిస్ మరన్యెన్సెస్. పోర్చుగీసులో ‘లెన్సోయిస్’ అంటే దుప్పట్లు. పైనుంచి చూస్తే తెల్లని దుప్పట్లు ఆరేసినట్టు కనబడే ఈ ఇసుక నేల సుమారు 1,550 చదరపు కిలోమీటర్ల జాతీయ ఉద్యానంలో పెద్ద భాగాన్ని ఆక్రమించింది. పార్నయీబా, ప్రెగిసాస్ వంటి నదులు సముద్రంలోకి మోసుకొచ్చిన ఇసుకను ప్రవాహాలు ఒడ్డున పడేస్తాయి. వాన లేని నెలల్లో గాలి దాన్ని లోపలికి తోసుకుపోయి నెలవంక ఆకారపు తిన్నెలుగా, ఒకదాని వెనక ఒకటి వరుసలుగా పేరుస్తుంది.

చూడటానికి ఎడారే అయినా శాస్త్రం ప్రకారం ఇది ఎడారి కాదు. ఎడారికి హద్దుగా చెప్పే ఏటా 250 మిల్లీమీటర్ల వర్షానికి ఇక్కడ ఎన్నో రెట్లు కురుస్తుంది. సగటు 1,200 మిల్లీమీటర్లకు తగ్గదు, అంటే మన కోస్తా జిల్లాలకంటే తక్కువేమీ కాదు. ఆ వానంతా దాదాపుగా జనవరి నుంచి జూన్ లోపే పడుతుంది. ఇసుకలోకి ఇంకిన నీటిని అడుగునున్న గట్టి పొర కిందికి పోనివ్వదు. భూగర్భ జలమట్టం పైకి లేచి, తిన్నెల నడుమ పల్లాల్లో వేలాది మంచినీటి మడుగులుగా బయటపడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అవి నీలంగా, ఆకుపచ్చగా నిండుగా ఉంటాయి. సంవత్సరం చివరికి చాలావరకు ఎండిపోతాయి. మరుసటి ఏడు నీళ్లు వచ్చేసరికి తిన్నెలు జరిగి ఉంటాయి కాబట్టి మడుగు పాత చోటే, పాత ఆకారంలోనే ఉంటుందన్న హామీ లేదు.

ఎండిన మడుగుల్లో మళ్లీ చేపలు ఎలా పుడతాయన్నది కొత్తవారికి కలిగే మొదటి ప్రశ్న. ‘ట్రయిరా’ అనే చేప తడి బురదలో దాక్కుని ఎండకాలం గడుపుతుంది. దీని శాస్త్రీయ నామం హోప్లియాస్ మలబారికస్. దక్షిణ అమెరికా చేపకు 1794లో జర్మన్ శాస్త్రవేత్త బ్లాఖ్ పెట్టిన పేరులో మన మలబారు చేరింది. నిజానికి ఆ చేప భారతదేశపు నీళ్లలో లేదు.

యూరోపియన్లు రాకముందు ఈ ఒడ్డున ట్రెమెంబే ప్రజలు ఉండేవారు. ఈతలోనూ వేటలోనూ వారికి గొప్ప పేరు. సావో లూయిస్ దీవిలో తుపినంబా ప్రజల ఊళ్లు ఉండేవి. పోర్చుగల్ రాజు ఈ తీరాన్ని పంచి ఇచ్చినప్పుడు ఒక వంతు జువావ్ దె బారోస్‌కు దక్కింది. లిస్బన్‌లో భారత వాణిజ్యాన్ని చూసే ‘కాసా ద ఇండియా’లో అధికారిగా పనిచేసి, ఆసియాలో పోర్చుగీసుల చరిత్రను గ్రంథస్థం చేసిన వాడే ఈ బారోస్. ఆయన తన భాగస్వాములతో కలిసి 1535లో 10 ఓడలు, సుమారు 900 మందితో ఒక దండును పంపించాడు. దాని నాయకుడు ఐరెస్ ద కూన్యా ఈ తీరపు నీళ్లలోనే ప్రాణం వదిలాడు, స్థావరమూ నిలవలేదు. ఇక్కడికి ఎన్నడూ రాని బారోస్‌కు అప్పులు మాత్రం మిగిలాయి.

సముద్రం ఇలా మోసం చేయడంతో తర్వాతి వారు నేల మీదుగా ప్రయత్నించారు. పెరూ కొయెల్యూ దె సౌజా 1603లో బయల్దేరి, మరన్యావ్ చేరకుండానే వెనుదిరిగాడు. కరువు కాలంలో ఇసుక ఒడ్డున కాలినడకన సాగిన ఆ తిరుగు ప్రయాణంలో ఆయన తన పిల్లల్ని పోగొట్టుకున్నాడు. 1607లో ఫ్రాన్సిస్కో పింటో, లూయిస్ ఫిగేయిరా అనే జెజూయిట్లు అదే దారి పట్టారు. మరుసటి ఏడు జనవరిలో ఇబియపాబా కొండల్లో పింటో హతుడయ్యాడు, ఫిగేయిరా బతికి బయటపడ్డాడు.

ఇంతలో ఫ్రెంచివారు ముందడుగు వేశారు. డానియెల్ దె లా టూష్ నాయకత్వంలో వచ్చిన బృందం 1612 సెప్టెంబరు 8న సావో లూయిస్‌కు పునాది వేసింది. ఊరికి ఫ్రాన్సు రాజు పేరు, కాలనీకి ‘భూమధ్యరేఖ ఫ్రాన్సు’ అన్న పేరు పెట్టింది. వారిని వెళ్లగొట్టడానికి కదిలిన జెరోనిము దె అల్బుకెర్కె 1613లో జెరికొవాక్వారా దగ్గర ఒక చిన్న కోట కట్టించాడు. నేటి యాత్రికులు అస్తమయం చూడటానికి చేరే ఆ పల్లె అలా మొదట సైనిక మజిలీగా చరిత్రకెక్కింది. 1614 నవంబరు 19న గ్వషెండూబా యుద్ధంలో ఫ్రెంచివారు ఓడిపోయారు. మరుసటి ఏడాది చివరికి ఊరు పోర్చుగీసుల పరమైంది. 1641 నుంచి 1644 దాకా డచ్చివారు దాన్ని ఆక్రమించారు. మూడు యూరోపు దేశాల జెండాలు ఎగిరిన ఊళ్లు బ్రెజిల్‌లో అరుదు.

బ్రెజిల్‌తో రాకపోకలు ఇంత కష్టం కావడం వల్లే 1621లో ఈ ఉత్తర తీరాన్ని ‘మరన్యావ్ రాజ్యం’గా విడదీసి, సావో లూయిస్ రాజధానిగా నేరుగా లిస్బన్ కిందికి తెచ్చారు. 1654లో మతగురువు అంటోనియో వియెయిరా ఇక్కడే చేపలను ఉద్దేశించినట్టుగా ఒక ప్రసంగం చేశాడు. ఆదివాసులను బానిసలుగా మార్చిన వలస జమీందార్లకు తగిలేలా అన్న మాటలవి. పోర్చుగీసు సాహిత్యంలో ఆ ప్రసంగానికి ఈనాటికీ స్థానం ఉంది. 1684లో వ్యాపార గుత్తాధిపత్యం మీద ఆగ్రహంతో స్థానిక స్థితిమంతులు మాన్యుయెల్ బెక్మన్ నాయకత్వాన తిరగబడ్డారు, బెక్మన్‌ను ఉరితీశారు.

పట్టణానికి ఐశ్వర్యం 18వ శతాబ్దం రెండో సగంలో వచ్చింది. 1755లో ప్రధాని పొంబాల్ స్థాపించిన వర్తక సంఘం పశ్చిమాఫ్రికాలోని కాషెయు, బిస్సావు రేవుల నుంచి బానిసలను తెచ్చి పత్తి, వరి సాగులో పెట్టింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలంలో బ్రిటన్ మిల్లుల్లో మరన్యావ్ పత్తికి ధర పలికింది. 19వ శతాబ్దం తొలి దశాబ్దాలకు మరన్యావ్ జనాభాలో సగానికి పైగా బానిసలే. సావో లూయిస్‌లో నేడు చూసి మెచ్చుకునే మేడలు ఆ డబ్బుతో లేచినవి. ఇళ్ల ముందు గోడలకు పోర్చుగల్ నుంచి తెచ్చిన ‘అజులేజు’ పలకలు అతికించడం అలంకారం కోసమే కాదు. ఏడాదిలో సగం కాలం కురిసే వాన నుంచి, మండే ఎండ నుంచి అవి గోడలను కాపాడతాయి. ఇలాంటి పాత కట్టడాలు సుమారు 4,000 ఉన్న ఊరి పాత పేటను యునెస్కో 1997లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

సావో మార్కోస్ అఖాతానికి ఆవలి గట్టున అల్కాంతారా ఉంది. తోటల యజమానుల ఊరు అది. ఎప్పుడు పడితే అప్పుడు పడవ అక్కడికి పోదు. ఆటుపోట్ల తేడా 7 మీటర్ల దాకా ఉండే ఈ అఖాతంలో పోటు వేళ చూసుకునే బయల్దేరాలి. బ్రెజిల్ చక్రవర్తి రెండవ పేద్రూ వస్తాడని ఇద్దరు ధనికులు పోటీపడి భవనాలు మొదలుపెట్టారనీ, ఆయన రానే లేదనీ ఊళ్లో చెప్పుకుంటారు. పత్తి ధరలు పడిపోయి, 1888లో బానిసత్వం రద్దు కాగానే యజమానులు మేడలు వదిలి వెళ్లిపోయారు. పైకప్పులేని గోడలు, కూడలిలో బానిసలను కొరడాలతో కొట్టిన రాతి స్తంభం మిగిలాయి. 1948లో ఊరంతా జాతీయ స్మారకమైంది. విడుదలైన బానిసల వారసులు చుట్టూ పల్లెలు కట్టుకుని సేద్యం, చేపలవేట సాగించారు. 1983లో ఇక్కడ రాకెట్ ప్రయోగ కేంద్రం పెట్టినప్పుడు 312 కుటుంబాలను తీరం నుంచి లోపలికి తరలించారు. చేపలతో బతికేవారిని సముద్రానికి దూరం చేయడం పెద్ద అన్యాయం. 2025లో అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం ఈ విషయంలో బ్రెజిల్‌ను బాధ్యురాలిగా తేల్చింది. ఆ కేంద్రంలోనే 2003 ఆగస్టు 22న ప్రయోగ వేదిక మీద రాకెట్ పేలి 21 మంది చనిపోయారు.

మార్గమధ్యంలో పార్నయీబా నది 5 పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. 70కి పైగా లంకలు, మడ అడవులు, సాయంత్రం గుంపులుగా గూళ్లకు చేరే ఎర్రని ‘గ్వారా’ కొంగలు, బురదలో చేయి దూర్చి పీతలు పట్టే మనుషులు ఈ డెల్టా గుర్తులు. గోదావరి లంకలు ఎరిగినవారికి ఈ దృశ్యం పూర్తిగా పరాయిగా తోచదు. పార్నయీబా పట్టణం 18వ శతాబ్దంలో ఉప్పు పట్టి ఎండబెట్టిన పశుమాంసం ఎగుమతితో పెరిగింది. ఆ తర్వాత కర్నౌబా తాటి ఆకుల మైనం దాన్ని నిలబెట్టింది. 1822 అక్టోబరు 19న ఈ ఊరు బ్రెజిల్ స్వాతంత్ర్యానికి మద్దతు ప్రకటించింది. లిస్బన్‌తో ముడిపడిన సావో లూయిస్ మాత్రం ఒప్పుకోలేదు. 1823 మార్చి 13న పియవీలోని జెనిపాపూ ఏటి ఒడ్డున చాలీచాలని ఆయుధాలతో పల్లె జనం పోర్చుగీసు సైన్యాన్ని ఎదిరించి ఎందరో ప్రాణాలిచ్చారు. ఆ జూలైలో బ్రెజిల్ నౌకాదళపు అడ్మిరల్ కాక్రన్ ఓడ సావో లూయిస్ రేవుకు చేరాకనే మరన్యావ్ లొంగింది. 1838–41 మధ్య పశుకాపరులు, చేతిపనివారు, పారిపోయిన బానిసలు కలిసి చేసిన ‘బలయాడా’ తిరుగుబాటు ఈ ప్రాంతపు పేదరికాన్ని లోకానికి తెలిపింది. దాన్ని అణచిన సేనాని తర్వాత కషియాస్ ప్రభువయ్యాడు.

ఆ తర్వాత శతాబ్దానికి పైగా ఈ తీరం మరుగున పడింది. మనుషులు ఇసుకతో సర్దుకు బతికారు. అల్మొఫాలా అనే ట్రెమెంబే ఊళ్లో 18వ శతాబ్దపు చర్చిని 1890 దశకం చివర్లో తిన్నె కప్పేసింది. సుమారు 4 దశాబ్దాల తర్వాత గాలే ఆ ఇసుకను తొలగించి చర్చిని తిరిగి ఇచ్చింది. జెరికొవాక్వారాకు పడమట ఉన్న పాత తతజూబా పల్లెకు ఆ అదృష్టం లేదు. ఇసుక ముంచెత్తాక ఊరివారు ఇంకోచోట ఇళ్లు కట్టుకున్నారు.

రక్షణ చట్టాలు 1980ల్లో వచ్చాయి. లెన్సోయిస్ 1981 జూన్ 2న జాతీయ ఉద్యానమైంది. జెరికొవాక్వారాను 1984లో పర్యావరణ రక్షిత ప్రాంతంగా, 2002లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. 2000ల తొలి ఏళ్లలో సావో లూయిస్ నుంచి లెన్సోయిస్ ముఖద్వారమైన బరెయిరిన్యాస్‌కు సుమారు 250 కిలోమీటర్ల తారు రోడ్డు పడింది. 2017లో జెరికొవాక్వారా సమీపంలో విమానాశ్రయం తెరిచారు. సినిమా కూడా లెన్సోయిస్ ఇసుకను లోకానికి చూపింది. 2005లో ‘కాసా దె అరెయా’ అనే బ్రెజిల్ చిత్రం ఇక్కడే తీశారు. 2010లో వచ్చిన శంకర్ చిత్రం ‘రోబో’లో రజనీకాంత్, ఐశ్వర్యా రాయ్ యుగళగీతం ఈ మడుగుల మధ్య చిత్రించినదే కాబట్టి తెలుగు ప్రేక్షకులు పేరు తెలియకుండానే ఈ చోటును చూసి ఉన్నారు. 2024 జూలైలో న్యూఢిల్లీలో జరిగిన సమావేశంలో యునెస్కో లెన్సోయిస్‌ను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

నేడు ఈ ప్రయాణం కొంత జీపులో, కొంత పడవలో, కొంత కాలినడకన సాగుతుంది. బరెయిరిన్యాస్ నుంచి ప్రెగిసాస్ నదిలో పడవ మీద అతీన్స్ పల్లెకు చేరి, అక్కడి నుంచి సాంతో అమారో దాకా తిన్నెల మీద నడవడం అన్నిటికంటే కష్టమైనది, కోరుకోదగినదీ. దీనికి 3 నుంచి 4 రోజులు పడుతుంది. స్థానికుడైన తోడు లేకుండా వెళ్లకూడదు, ఎందుకంటే నిన్నటి గుర్తులు ఇవాళ ఉండవు. ఎండ ముదరకముందే సాగాలని తెల్లవారకముందే బయల్దేరతారు. రాత్రికి ఇసుక మధ్య పచ్చని ద్వీపాల్లా ఉన్న బైషా గ్రాండె, కెయిమాడా దోస్ బ్రీటోస్ అనే జనావాసాల్లో తాళ్లకు కట్టిన ఊయలల్లో నిద్ర. అక్కడి కుటుంబాలు మేకలు, కోళ్లు పెంచుతూ, ఎండకాలంలో సముద్రపు ఒడ్డున చేపలు పట్టుకుంటూ ఉద్యానం ఏర్పడక ముందునుంచీ ఉంటున్నాయి. తమ నేలను వదలకుండా అక్కడే ఉండే హక్కు కోసం వారు ఇప్పటికీ పోరాడుతున్నారు.