తుహిన ఛాయాగ్రహణం

తుహిన ఛాయాగ్రహణం అనగా శీతాకాలంలో గడ్డి, ఆకులు, రాళ్ళు మొదలైన వాటిపై సహజంగా ఏర్పడే మంచు స్ఫటికాలను ఛాయాచిత్రాలుగా తీయడం. తెలుగులో పొగమంచు, ఆకులపై నీటిబిందువులు, గడ్డకట్టిన నీరు అన్నిటినీ మంచు అనే వ్యవహరిస్తారు. అందువలన చిత్రంలో ఉన్నది ఏ రకపు మంచో గుర్తించడం ఇందులో మొదటి పని.

రకాలు

గాలిలోని నీటిఆవిరి చల్లని ఆకుపై నీటిబిందువుగా మారితే దానిని తుషారం అంటారు. ఆకు ఉష్ణోగ్రత 0 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గినపుడు ఆవిరి ద్రవరూపం పొందకుండానే స్ఫటికంగా మారితే అది తుహినం. నేలకు దగ్గరగా గాలిలో తేలే సూక్ష్మ నీటిబిందువుల సముదాయం పొగమంచు. శీతల దేశాలలో చివికిన కొమ్మలపై వెంట్రుకల వంటి మంచు కూడా ఏర్పడుతుంది. దీనికి శిలీంధ్రం కారణం కావచ్చునని 1918లో ఆల్ఫ్రెడ్ వెజినర్ సూచించగా, 2015లో ప్రచురితమైన పరిశోధన దానిని బలపరచింది.

చరిత్ర

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన రైతు విల్సన్ బెంట్లీ, సూక్ష్మదర్శినికి కెమెరాను జోడించి 1885 జనవరి 15న హిమస్ఫటికాన్ని చిత్రీకరించాడు. ఆయన తన జీవితకాలంలో 5000కు పైగా చిత్రాలు తీశాడు. జపాను శాస్త్రవేత్త ఉకిచిరో నకాయా 1936లో ప్రయోగశాలలో హిమస్ఫటికాన్ని సృష్టించి, దాని ఆకారం ఉష్ణోగ్రత, తేమలపై ఆధారపడుతుందని చూపాడు.

ఆసిఫాబాదు ప్రాంతం

2016లో ఏర్పడిన కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా తెలంగాణలో చలి ఎక్కువగా ఉండే జిల్లాలలో ఒకటి. సిర్పూర్ (యు), తిర్యాణి మండలాలలో కొన్ని శీతాకాలాలలో కనిష్ఠ ఉష్ణోగ్రత 5 డిగ్రీల సమీపానికి పడిపోతుంది. అయితే ఈ కొలత నేలకు సుమారు 4 అడుగుల ఎత్తున ఉన్న గాలిది. మబ్బు, గాలి లేని రాత్రి గడ్డి తన వేడిని ఆకాశం వైపు వెలువరించి, పైనున్న గాలి కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువగా చల్లబడుతుంది. చల్లని గాలి బరువైనది కనుక లోయలలోకి, పల్లపు చేలలోకి దిగుతుంది. కావున గాలి ఉష్ణోగ్రత 0 కంటే పైన ఉన్నపుడు కూడా గడ్డిపై తుహినం ఏర్పడే అవకాశమున్నది. అయినప్పటికీ ఇక్కడ ఉదయం పూట సాధారణంగా కనిపించేది తుషారమే.

చిత్రీకరణ విధానం

సూర్యోదయానికి ముందే స్థలానికి చేరుకోవాలి. ఎండ సోకిన కొద్దిసేపటికే స్ఫటికాలు కరుగుతాయి. నోటి ఆవిరి తగిలినా కరుగుతాయి. కెమెరాను త్రిపాదిపై నిలిపి, దగ్గరి వస్తువులను తీసే కటకాన్ని ఉపయోగించి, ప్రక్క వెలుతురులో తీస్తే సూదుల వంటి అంచులు స్పష్టపడతాయి. తెల్లని మంచును కెమెరా బూడిదరంగుగా చూపుతుంది కనుక ఎక్స్‌పోజరును కొంత పెంచాలి. చలిలో బ్యాటరీ త్వరగా తగ్గుతుంది. వెచ్చని గదిలోకి వెళ్ళే ముందు కెమెరాను సంచిలో మూసి ఉంచితే కటకంపై తేమ పట్టదు.

ప్రాముఖ్యత

గుండ్రంగా, పారదర్శకంగా ఉంటే తుషారం. తెల్లగా, సూదులుగా లేదా ఈకలుగా ఉంటే తుహినం. గడ్డి మట్టంలో ఉంచిన ఉష్ణమాపకం, కొలబద్ద చిత్రంలో కనబడుతూ, తేదీ, సమయం, గ్రామం పేరు నమోదైతే ఆ చిత్రం ఆధారంగా పనికివస్తుంది. ఇవి లేని పొగమంచు చిత్రానికి హిమపాతమని పేరు పెడితే అది తప్పుడు సమాచారమే. తుహినం టమాటా వంటి పైర్ల లేత ఆకులను మాడ్చివేస్తుంది. అందుచేత అది ఏ చేలో, ఏ రాత్రి పడినదో తెలిపే చిత్రం అందానికే గాక రైతుకు కూడా ఉపయోగపడుతుంది.