పెట్రోలు ధర: ఎద్దుల బండి నుంచి రోజువారీ రేటు దాకా

బంకులో బండి ఆపి "వందకి కొట్టు" అనడం మనకు ఎప్పటినుంచో అలవాటు. 2021 జూన్‌లో హైదరాబాదులో లీటరు పెట్రోలు వంద రూపాయలు దాటింది. అప్పటినుంచి మీటరు ఒక లీటరు చూపించకముందే పైపు ఆగిపోతోంది. 2024 మార్చి మధ్యలో అక్కడ ధర 107 రూపాయల 41 పైసలు. అంటే వంద కాగితానికి వచ్చేది 930 మిల్లీలీటర్లు. రోజంతా బండి మీదే తిరిగి డెలివరీలు చేసే కుర్రాడికి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. సాయంత్రానికి చేతిలో మిగిలేదే చెబుతుంది. ఈ ధర ఇక్కడిదాకా ఎలా వచ్చిందో అర్థం కావాలంటే యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

అప్పట్లో చమురు వ్యాపారంలో విదేశీ కంపెనీలకు పెద్ద వాటా ఉండేది. 1957లో విశాఖపట్నంలో మొదలైన రిఫైనరీ కూడా కాల్టెక్స్ వాళ్ళదే. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు సరఫరాకు కళ్ళెం వేశాయి. మూడు డాలర్లున్న పీపా కొద్ది నెలల్లోనే పన్నెండు డాలర్లకు చేరువైంది. మన ప్రభుత్వం ధరలు పెంచింది. నవంబరులో అటల్ బిహారీ వాజ్‌పేయి ఎద్దుల బండెక్కి పార్లమెంటుకు వచ్చారు. పెట్రోలు ధర మన దేశంలో రాజకీయమైందని అందరికీ తెలియజేసిన దృశ్యం అది. ఆ తర్వాత నాలుగైదేళ్ళలో ఎస్సో, బర్మాషెల్, కాల్టెక్స్ ఒక్కొక్కటే ప్రభుత్వపరమయ్యాయి. విశాఖ రిఫైనరీ హిందుస్థాన్ పెట్రోలియం చేతికి వచ్చింది.

అక్కడినుంచి దాదాపు పాతికేళ్ళు ధర నిర్ణయించింది ఢిల్లీయే. పెట్రోలు మీద కాస్త ఎక్కువ వసూలు చేసి, ఆ డబ్బుతో కిరోసిన్, వంటగ్యాసు చౌకగా ఇచ్చేవారు. ఆ జమాఖర్చులన్నీ ఆయిల్ పూల్ అనే ఒక ఖాతాలో సాగేవి. కార్లున్నవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది ఉన్న రోజుల్లో ఆ ఆలోచనలో న్యాయం ఉంది. ఇవాళ పెట్రోలు కాల్చేవాళ్ళలో ఎక్కువమంది రెండు చక్రాల బండివాళ్ళు. అయినా పెట్రోలు ఉన్నవాళ్ళ సరుకు, దానిమీద ఎంత పన్నైనా వెయ్యొచ్చు అన్న పాత నమ్మకం సర్కారు మనసులోంచి పోలేదు. మన కష్టాలకు మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

2002 ఏప్రిల్ 1న ఆ పద్ధతిని కాగితం మీద రద్దు చేశారు. ఆచరణలో మాత్రం ధర కంపెనీల చేతికి రాలేదు. ముడిచమురు పెరుగుతూ పోయి 2008 జూలైలో 147 డాలర్లు తాకినా, బంకులో అంత భారం వెయ్యడానికి ప్రభుత్వానికి ధైర్యం చాలలేదు. కంపెనీల నష్టానికి రొక్కం ఇవ్వకుండా బాండ్లు రాసిచ్చింది. ఆ భారాన్ని రాబోయే తరానికి వదిలేసింది. 2014 నాటికి ఇంకా తీర్చాల్సి ఉన్న బాండ్లు సుమారు 1.3 లక్షల కోట్లు. అది తప్పే, సందేహం లేదు. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద నియంత్రణ ఎత్తేశారు. డీజిల్‌ను 2014 అక్టోబరులో వదిలేశారు. ప్రపంచ మార్కెట్లో పెరిగితే ఇక్కడా పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది అన్నారు.

సరిగ్గా అప్పుడే ముడిచమురు పడిపోయింది. 2013-14లో సగటున 105 డాలర్లున్న పీపా 2015-16లో 46కు దిగింది. మాట ప్రకారం బంకులోనూ ధర గట్టిగా దిగాలి. కానీ 2014 నవంబరు నుంచి 2016 జనవరి దాకా కేంద్రం తొమ్మిదిసార్లు ఎక్సైజు సుంకం పెంచింది. పెట్రోలు మీద 9 రూపాయల 48 పైసలున్నది 21 రూపాయల 48 పైసలయింది. 2020లో కరోనా వల్ల ప్రపంచమంతా బళ్ళు ఆగిపోయి చమురుకు గిరాకీ లేనప్పుడు మళ్ళీ పెంచారు. మే నెలలో అది 32 రూపాయల 98 పైసలకు చేరింది. పెట్రోలియం మీద కేంద్రానికి వచ్చిన ఎక్సైజు 2014-15లో సుమారు 99 వేల కోట్లు, 2020-21లో 3.7 లక్షల కోట్లు. పాత బాండ్ల అప్పు తీర్చడానికే ఈ పన్ను అని చెప్పేవాళ్ళకు ఒక్కటే జవాబు: ఆ బాండ్ల అసలంతటికీ రెండింతలకు పైగా ఈ ఒక్క ఏడాదిలోనే వచ్చింది.

ఆ సుంకంలో రాష్ట్రాలకు దక్కేదీ తక్కువే. 2022 మేలో తగ్గించాక పెట్రోలు మీద మిగిలిన ఎక్సైజు 19 రూపాయల 90 పైసలు. అందులో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన మూల సుంకం 1 రూపాయి 40 పైసలు. తక్కినదంతా సెస్సులు, ప్రత్యేక సుంకాలు. వాటిలో రాష్ట్రాలకు వాటా లేదు.

అలాగని రాష్ట్రాలు అమాయకమైనవి కావు. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.20 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, దానిపైన లీటరుకు 4 రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు ఒక రూపాయి. శాతం లెక్కన వేసే పన్ను ధరతోపాటే పెరుగుతుంది. పైగా కేంద్రం వేసిన సుంకం మీద కూడా ఈ వ్యాట్ పడుతుంది. ధర పెరిగితే రాష్ట్రానికి లాభం, ధర తగ్గితే సుంకం పెంచుకునే కేంద్రానికి లాభం. కొనేవాడికి ఏ వైపూ ఊరట లేదు. 2021 నవంబరులో కేంద్రం సుంకం తగ్గించి రాష్ట్రాలనూ తగ్గించమంటే మన రెండు రాష్ట్రాలూ కదల్లేదు. కాకినాడ వైపు జనం ఏ పనిమీద యానాం వెళ్ళినా టాంకు నింపుకునే వస్తారు. అదే గోదావరి, అదే భాష, అదే రోడ్డు. కానీ యానాం పుదుచ్చేరిలో భాగం, అక్కడ వ్యాట్ తక్కువ. ఊరు దాటితే లీటరుకు పది రూపాయలకు పైనే తేడా.

2017 జూన్ 16 నుంచి ధర రోజూ మారుతుందని చెప్పారు. ఆ మాటకు ఏం విలువ ఇచ్చారో 2022లో చూశాం. అయిదు రాష్ట్రాల ఎన్నికలు ముగిసేదాకా నాలుగున్నర నెలలు ధర కదల్లేదు. ముగియగానే మార్చి 22 నుంచి పదహారు రోజుల్లో పద్నాలుగుసార్లు పెరిగి లీటరుకు పది రూపాయలు ఎక్కింది.

మరి ప్రభుత్వం ఏం చెయ్యాలి? పాత బాండ్ల దారి మళ్ళీ పట్టకూడదు. వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకునే దేశం చవక పెట్రోలు పంచుతానంటే అది అప్పే. జీఎస్టీలో చేర్చాలన్న కోరిక సబబైనదే. కానీ 2021 సెప్టెంబరులో లక్నోలో కూర్చున్న మండలి దానికి సమయం రాలేదని తేల్చింది. కేంద్రమూ రాష్ట్రాలూ ఇంత రాబడి వదులుకోవడానికి సిద్ధంగా లేనంతకాలం ఆ చర్చ ముందుకు సాగదు. ఈలోగా చెయ్యగలిగింది ఉంది. ముడిచమురు ఒక హద్దు దాటి పెరిగితే సుంకం ఎంత తగ్గాలో, తగ్గితే ఎంతవరకు పెంచవచ్చో ముందే చట్టంలో రాయాలి. చౌక రోజుల్లో అదనంగా వచ్చిన సొమ్మును విడిగా దాచి, మంట రోజుల్లో వాడాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగా పనిచేసిన రంగరాజన్ నాయకత్వంలోని కమిటీ 2006లోనే ఎక్సైజును శాతంగా కాక లీటరుకు ఇంత అని వెయ్యమంది. రాష్ట్రాలు కూడా వ్యాట్‌ను ఆ పద్ధతిలోకి మార్చాలి. సెస్సుల పేరుతో వసూలు చేసేదాన్ని రాష్ట్రాలతో పంచుకోవాలి. అప్పుడే వ్యాట్ తగ్గించమని అడిగే హక్కు కేంద్రానికి ఉంటుంది. పెట్రోలు మీద వచ్చిన పన్నులో కొంతైనా ఆర్టీసీ బస్సులకు పోవాలి. సమయానికి బస్సు దొరికే ఊళ్ళో వంద కాగితం పట్టుకుని బంకు ముందు నిలబడాల్సిన అవసరం చాలామందికి ఉండదు.

ఇలాంటి నియమం లేకపోతే ఏమవుతుందో 2025లోనూ చూశాం. ఏప్రిల్ 8న కేంద్రం పెట్రోలు, డీజిల్ రెండింటి మీదా లీటరుకు 2 రూపాయలు ఎక్సైజు పెంచింది. ముడిచమురు ఆ రోజుల్లో పడిపోతూ ఉంది. బంకులో ధర మాత్రం మారలేదు.