పీపాలపై నడచిన వ్యాజ్యము

వ్యాజ్యమనగా వాది ప్రతివాదులుగా మనుష్యులుండుట మన మెరిగినదే. పీపాలే ప్రతివాదులుగా నిలిచిన వ్యాజ్య మొకటి అమెరికా దేశమున నడచినది. నలువది పీపాలు, ఇరువది చిన్నపీపాల కోకాకోలా పానకముపై ఆ దేశప్రభుత్వము తెచ్చిన అభియోగమది. వినుటకు నవ్వు పుట్టించును గాని, అందలి ప్రశ్న నవ్వదగినది కాదు. బిడ్డలు త్రాగు పానీయములో ఏమున్నదో తల్లిదండ్రులకు తెలియవలదా?

కాఫీగింజలయందును, తేయాకునందును కెఫీను అను తెల్లని చేదు పదార్థము కలదు. జర్మనీ దేశపు రసాయనజ్ఞుడు రుంగే 1819లో దీనిని కాఫీగింజలనుండి వేరుచేసెను. ఇది నిద్రమత్తును పోగొట్టును. మోతాదు మించినచో గుండెదడను, చేతివణకును, నిద్రలేమిని కలిగించును. బిడ్డల దేహము చిన్నది గనుక పెద్దవారికి సరిపోవు మోతాదు వారికి మిక్కిలి యగును.

1906లో అమెరికాయందు శుద్ధాహారౌషధ శాసనము పుట్టెను. దానికై పాటుపడినవారిలో ప్రముఖుడు, ప్రభుత్వ రసాయనశాఖాధిపతి హార్వే వైలీ. కాఫీ, తేనీరు ఇంట కాచుకొనునవి. తల్లి వాని గుణమెరిగి బిడ్డకు ఈయక మానవచ్చును. అంగడిలో అమ్ము తీపిపానీయమున కెఫీను కలిపిరని ఆమె కెట్లు తెలియును? ఇదియే ఆయన వాదము.

1909 అక్టోబరులో అట్లాంటానుండి చట్టనూగా పట్టణమునకు పంపబడిన ఆ పీపాలను అధికారులు పట్టుకొనిరి. 1911 మార్చిలో విచారణ మొదలయ్యెను. కంపెనీ పక్షమున హాలింగ్‌వర్త్ అను మనశ్శాస్త్రజ్ఞుడు పదునారుగురిపై నలువది దినములు పరీక్షలు జరిపి, కెఫీనువలన విశేషహాని కానరాలేదని చెప్పెను. ఆ పరీక్షలు శ్రద్ధతో జరిగినవే. కాని ఆ పదునారుగురును పెద్దవారే; అందు బిడ్డ యొక్కడును లేడు.

కెఫీను ఆ పానీయములో అంగమే గాని పైనుండి కలిపినది కాదని న్యాయాధిపతి శాన్‌ఫర్డ్ నిర్ణయించెను. హాని యున్నదా లేదా యను ప్రశ్న జూరీకి పోనేలేదు. 1912లో వైలీ ఉద్యోగమును విడిచెను. 1916లో అత్యున్నత న్యాయస్థానము ఆ నిర్ణయమును త్రోసిపుచ్చి, కెఫీను చేర్చిన పదార్థమే యనియు, హానివిషయము జూరీ తేల్చవలసినదే యనియు చెప్పెను. అయినను, మరల విచారణ జరుగకమునుపే 1917లో ఉభయులు రాజీపడిరి. కంపెనీ కెఫీనును సగమునకు తగ్గించి, ఖర్చులు చెల్లించెను. మూలప్రశ్నకు మాత్రము తీర్పు రాలేదు.

తీర్పు రాని ప్రశ్న చావదు. మరియొక వేషమున వచ్చును. నేడది శక్తిపానీయముల రూపమున వచ్చినది. లిథువేనియా 2014లోను, పోలెండు 2024లోను పదునెనిమిదేండ్లు నిండనివారికి వీనిని అమ్మరాదని శాసించెను. మనదేశమున అట్టి పానీయముల సీసాలపై ఇవి పిల్లలకు తగవని వ్రాయవలెనను నియమము కలదు.

వైలీ కోరిన దానిలో ఇది సగపాలు. శాసనము సీసాపై అక్షరములు వ్రాయింపగలదు గాని, వానిని చదువలేదు. ఆ యక్షరములు చిన్నవి. తరచుగా తెలుగున నుండవు. కావున గ్రామపెద్దలారా, అంగడినుండి సీసా ఇంటికి వచ్చినప్పుడు, బడికి పోవు మనుమనిచేతనే దానిని చదివించి వినుడు. వానికి చదువు నేర్పించినది ఇట్టి పనికే గదా!