నాలుగు జిల్లాల కోసం పుట్టిన కేంద్రం: హైదరాబాదు టెలివిజన్ తొలి చరిత్ర

తెలుగు నేలకు టెలివిజన్ ఎలా వచ్చిందన్న ప్రశ్నకు మన పాఠ్యగ్రంథాల్లో సాధారణంగా ఒక్క వాక్యమే జవాబుగా కనిపిస్తుంది: హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రారంభమైంది. తేదీ సరైనదే. అయితే చరిత్రను అక్కడినుంచి మొదలుపెడితే అసలు కథ సగం జారిపోతుంది. అంతకు రెండేళ్ళ ముందే హైదరాబాదులో తెలుగు టెలివిజన్ కార్యక్రమాలు తయారయ్యాయి. వాటిని చూసింది నగరవాసులు కారు. మెదకు, మహబూబ్‌నగర్, కర్నూలు, హైదరాబాదు జిల్లాల పల్లెల్లో, బడి వసారాలోనో పంచాయతీ ఆఫీసు ముందరో నేలమీద కూర్చున్న జనం. ఆంధ్రదేశానికి వెలుపల పుట్టి పెరిగిన మన విద్యార్థులకు ఈ కథతో మరింత దగ్గర సంబంధం ఉంది. ఆ హైదరాబాదు స్టూడియోలోనే రాయచూరు, గుల్బర్గా, బిజాపురం పల్లెల కోసం కన్నడ కార్యక్రమాలు కూడా తయారయ్యాయి కనుక.

ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న మొదలైన టెలివిజన్ పదమూడేళ్ళపాటు ఆ నగరాన్ని దాటలేదు. 1972లో బొంబాయికి, ఆ తరువాత శ్రీనగర్, అమృత్‌సర్‌లకు, 1975 ఆగస్టులో కలకత్తా, మద్రాసులకు వచ్చింది. ఈ వరసలో పోతే పల్లెకు చేరడానికి ఎన్ని దశాబ్దాలు పట్టేదో. నగరాల్లో ఒక్కొక్క స్తంభం నాటుకుంటూ పోకుండా, ఉపగ్రహం ద్వారా నేరుగా మారుమూల పల్లెకే ముందు చేరాలని వాదించినవారు విక్రం సారాభాయి. ఆయన కాలంలోనే, 1969 సెప్టెంబరులో, భారత అణుశక్తి శాఖకూ అమెరికా నాసా సంస్థకూ ఒప్పందం కుదిరింది. నాసా తన ఎ.టి.ఎస్.-6 ఉపగ్రహాన్ని ఒక్క ఏడాది మనకు అప్పుగా ఇస్తుంది. భూమిమీద పనంతా, కార్యక్రమాల తయారీతో సహా, మనదే. సారాభాయి 1971 డిసెంబరులో కన్నుమూశారు. పనిని అహమ్మదాబాదులోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రం చేపట్టింది. దాని డైరెక్టరు యశ్‌పాల్, ప్రయోగపు బాధ్యతలు చూసినది ఇ.వి. చిట్నిస్. దీనినే 'సైట్' అన్నారు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు సరిగ్గా ఒక సంవత్సరం నడిచింది. ఆరు రాష్ట్రాలు, ఇరవై జిల్లాలు, సుమారు 2,400 గ్రామాలు.

ఆ పల్లెల్లో పెట్టిన సరంజామా గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మూడు మీటర్ల వెడల్పున్న గిన్నె ఆకారపు యాంటెన్నా. దానికి వాడింది ఖరీదైన లోహపు రేకు కాదు, కోళ్ళదొడ్లకు కట్టే ఇనుప జాలి. గాలికి ఆగుతుంది, తేలిక, చౌక. దాని కింద ఉపగ్రహ సంకేతాన్ని మామూలు టెలివిజన్‌కు అర్థమయ్యేలా మార్చే ఒక చిన్న యంత్రం, ఆ పైన నలుపు-తెలుపు టీవీ పెట్టె. నమూనాను అహమ్మదాబాదు కేంద్రం రూపొందించగా, తయారుచేసినది హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. బీహారు పల్లెలోనైనా రాజస్థాన్ పల్లెలోనైనా ఆ ఏడాది జనం చూసిన పెట్టె మన హైదరాబాదు కార్మికుల చేతిమీదుగా వెళ్ళినదే. ఈ సంగతి మన వ్యాసాల్లో ఎందుకో ఎవరూ రాయరు. కరెంటు రాని కొన్ని పల్లెల్లో పెట్టెను బ్యాటరీలతో నడిపారు. పెట్టె ఎవరి ఇంటి సొత్తూ కాదు, ఊరుమ్మడిది. సాయంత్రం దాన్ని తెరిచి, ప్రసారం కాగానే మూసి, తాళం వేసే బాధ్యత ఊళ్ళోనే ఒకరికి అప్పగించారు.

ప్రసారం రోజుకు నాలుగు గంటలు. ఉదయం గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. ఉపగ్రహం ఒక్కటే, భాషలు నాలుగు: హిందీ, ఒడియా, తెలుగు, కన్నడం. ఉదయపు గంటన్నరను నలుగురికి సమంగా పంచితే భాషకు ఇరవై రెండున్నర నిమిషాలు వచ్చాయి. సాయంత్రం సేద్యం, పశుపోషణ, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, మధ్య మధ్య జానపద కళలు, ఆ పైన అందరికీ ఉమ్మడిగా ఢిల్లీ నుంచి హిందీ కార్యక్రమం. ఒకే చిత్రానికి రెండు ధ్వని మార్గాలను జతచేసే వీలు కూడా ఆ ఏర్పాటులో ఉంది. బొమ్మ ఒకటే, మాట రెండు భాషల్లో. సెలవుల్లో ఉపాధ్యాయుల శిక్షణ కూడా ఈ పెట్టెల ద్వారానే సాగింది. విజ్ఞానశాస్త్రం ఎలా బోధించాలో దాదాపు 50,000 మంది ప్రాథమిక ఉపాధ్యాయులు ఈ విధంగా నేర్చుకున్నారు.

ఇక హైదరాబాదు పాత్ర. కార్యక్రమాల తయారీకి ఢిల్లీ, కటక్, హైదరాబాదులలో మూడు కేంద్రాలు నెలకొల్పారు. అప్పటికి టెలివిజన్ ఆకాశవాణిలో ఒక భాగమే. దూరదర్శన్ పేరుతో వేరు సంస్థ కావడం 1976 ఏప్రిల్ 1 నాటి మాట. హిందీ రాష్ట్రాలకు ఢిల్లీ, ఒరిస్సాకు కటక్, తెలుగు కన్నడాలకు హైదరాబాదు. బెంగుళూరులో దూరదర్శన్ కేంద్రం రావడానికి ఇంకా ఆరేళ్ళుంది. అది 1981లో గాని రాలేదు. కాబట్టి కర్ణాటకం టెలివిజన్ చరిత్రలో తొలి అధ్యాయం హైదరాబాదులో రాయబడిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఆ ఏడాదంతా హైదరాబాదు కేంద్రానికి స్టూడియో ఉంది, కెమెరాలున్నాయి, కళాకారులున్నారు. ప్రసారం చేసే స్తంభం మాత్రం లేదు. ఉపగ్రహానికి సంకేతం పంపగల భూకేంద్రాలు అహమ్మదాబాదులో, ఢిల్లీలో ఉన్నాయి. మెదకు జిల్లా పొలంలో తీసిన చిత్రం హైదరాబాదులో కూర్పు పూర్తిచేసుకొని, టేపుగా ఉత్తరాదికి పోయి, అక్కడినుంచి 36,000 కిలోమీటర్ల ఎత్తుకు ఎగిరి, తిరిగి మెదకు పల్లెలోని జాలిగిన్నెలో దిగాలి. ఇంత ప్రయాణం ఉన్నప్పుడు ఇవాళ పడ్డ వానమీద ఇవాళ మాట్లాడడం కుదరదు. పురుగు పట్టిన వారానికి మందు చెప్పడమూ కష్టమే. పల్లెకోసం పెట్టిన టెలివిజన్‌లో 'ఈ రోజు' లేకపోవడం దాని పెద్ద లోపమని మా అభిప్రాయం.

రెండో లోపం భాషది. నాలుగు జిల్లాలకు ఒకే తెలుగు. కర్నూలు రైతు మాటకూ మెదకు రైతు మాటకూ ఉన్న తేడా మీకు చెప్పనక్కరలేదు. పైరు పేరు మారుతుంది, పనిముట్టు పేరు మారుతుంది, కొలత మారుతుంది. రాయచూరు వైపు సమస్య మరొక రకం. ఆ జిల్లాలో తెలుగు ఇంటిభాషగా ఉన్న ఊళ్ళు ఎన్నో. కాని పెట్టెకు తెలిసినది రాష్ట్రం సరిహద్దు ఒక్కటే. ఊరు ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రపు భాషే ఆ ఊరి కార్యక్రమం. 1956లో గీసిన గీత 1975లో ఆకాశం నుంచి కూడా కనిపించిందన్నమాట. ఆ కన్నడ కార్యక్రమాన్ని తయారుచేసింది తెలుగు నగరంలో కావడం చరిత్ర చేసిన చిన్న పరిహాసం.

ఈ విషయంలో అదే సంవత్సరం గుజరాత్‌లో జరిగిన మరొక ప్రయత్నాన్ని పోల్చి చూడాలి. ఖేడా జిల్లా పిజ్ గ్రామంలో ఒక కిలోవాటు ట్రాన్స్‌మిటరు నెలకొల్పి, అహమ్మదాబాదు అంతరిక్ష కేంద్రమే ఆ ఒక్క జిల్లా కోసం కార్యక్రమాలు తయారుచేసింది. జిల్లా గుజరాతీ యాస, పాల సహకార సంఘాల లోపలి తగాదాలు, కూలిరేట్లు, అంటరానితనం, ఇవన్నీ నాటకాలుగా, ధారావాహికలుగా వచ్చాయి. పల్లెవాళ్ళే నటించారు. అది యునెస్కో బహుమతిని కూడా పొందింది. నిజమైన స్థానిక టెలివిజన్ అంటే అది. అయినా ఏమైంది? ఆ ట్రాన్స్‌మిటరును మద్రాసులో రెండో ఛానల్ కోసం తరలించాలని 1985లో నిర్ణయించారు. ఖేడా ప్రజలు ఆందోళన చేశారు. పల్లె చేతిలోని స్తంభాన్ని పీకి నగరానికి వినోదం కోసం పంపడం మన టెలివిజన్ చరిత్ర ఎటు తిరిగిందో చెప్పే ఘట్టం. మద్రాసులోని మన తెలుగు కుటుంబాలు ఆ రెండో ఛానల్‌ను చూసేటప్పుడు దాని వెనుక ఇంత కథ ఉందని ఎవరూ చెప్పి ఉండరు.

మళ్ళీ మన కథలోకి వద్దాం. 1976 జూలై 31తో గడువు తీరింది. నాసా తన ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకుంది. జాలిగిన్నెలు ఆకాశంవైపు చూస్తూ ఉండిపోయాయి, వాటికి చూడడానికి అక్కడేమీ లేదు. పల్లెలకు కార్యక్రమాలను కొనసాగించడానికి ప్రభుత్వం ఆరుచోట్ల భూతల ట్రాన్స్‌మిటర్లను తలపెట్టింది: జైపూర్, రాయపూర్, ముజఫర్‌పూర్, సంబల్‌పూర్, గుల్బర్గా, హైదరాబాదు. అలా వచ్చినదే 1977 అక్టోబరు నాటి ప్రారంభం. అంటే హైదరాబాదు దూరదర్శన్ నగరానికి ఇచ్చిన కానుక కాదు. పల్లెకు ఇచ్చిన మాట చెల్లించుకోవడానికి వచ్చిన కేంద్రం. అయితే భూతల ప్రసారపు స్వభావం వేరు. ఉపగ్రహానికి కర్నూలైనా మెదకైనా ఒకటే దూరం. స్తంభం నుంచి బయలుదేరిన తరంగం మాత్రం దాదాపు కంటిచూపులాగే తిన్నగా పోతుంది. కొండ అడ్డమైతే ఆగుతుంది, భూమి వంపు తిరిగితే పైకి వెళ్ళిపోతుంది. ఎంత ఎత్తు స్తంభమైనా వంద కిలోమీటర్ల ప్రాంతంలోనే దాని రాజ్యం ముగుస్తుంది. రెండు వందల కిలోమీటర్ల అవతల ఉన్న కర్నూలు పల్లెలు ఆ రాజ్యంలో లేవు. ఏడాదిపాటు టెలివిజన్ చూసిన ఊళ్ళు చూడని ఊళ్ళయ్యాయి. ఏనాడూ అడగని నగరం చూసేదైంది. అభివృద్ధి వెనకడుగు వేసిన ఇలాంటి సందర్భాలు లెక్కల్లోకి ఎక్కవు.

రామంతాపూర్ స్టూడియోల నుంచి సాగిన తరువాతి కథ చాలామందికి తెలిసినదే కాబట్టి త్వరగా ముగిస్తాం. తొలి ఆరేళ్ళు ఈ కేంద్రానికి తెలుగు వార్తలు లేవు. 1983 నవంబరు 14న మొదటి తెలుగు వార్తలు చదివినవారు శాంతిస్వరూప్. ఎదుట అక్షరాలు కనిపించే యంత్రం లేని రోజుల్లో, కాగితంమీద ఒక కన్ను, కెమెరామీద ఒక కన్ను ఉంచి తడబడకుండా చదవడం ఆయన సాధన. 2011లో ఉద్యోగ విరమణ చేశారు, 2024 ఏప్రిల్‌లో మరణించారు. తెలుగు ఇళ్ళలో శుక్రవారానికి 'చిత్రలహరి' ఒక గుర్తు అయింది. తరువాతి దశాబ్దంలో 'ఋతురాగాలు' ధారావాహిక మరొకటి.

మన దృష్టితో చూడవలసిన మలుపు 1983-84లో ఉంది. ఇన్‌శాట్-1బి ఉపగ్రహం 1983 ఆగస్టులో ఎగిరింది. దాని ఆధారంగా ఊరూరా చిన్న ట్రాన్స్‌మిటర్లు వరసగా నెలకొన్నాయి. దేశం పొడుగునా ఇంటి కప్పులమీద యాంటెన్నాలు మొలిచాయి. కాని ఈ చిన్న స్తంభాలు చాలావరకు అందుకొని తిరిగి పంపినది ఢిల్లీ కార్యక్రమాన్నే. తెలుగు పట్టణంలో స్తంభం నిలబడింది, అందులోంచి హిందీ వచ్చింది. హైదరాబాదుతో వాటిని కలిపే తీగ గాని ఉపగ్రహ మార్గం గాని మొదట లేదు. ఆంధ్రలోనే ఈ పరిస్థితి అయితే, గంజాం, చంద్రపూర్, బళ్ళారి, హోసూరు తెలుగువారి సంగతి ఊహించుకోవచ్చు. వారికి రాష్ట్రభాష కార్యక్రమం ఒకటి, ఢిల్లీ హిందీ ఒకటి. తెలుగు అంటే ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషా చిత్రాల వంతులో ఎప్పుడో ఒకసారి వచ్చే సినిమా. ఆ ఒక్క మధ్యాహ్నం కోసం పక్కిళ్ళవాళ్ళు కూడా వచ్చి కూర్చున్న ఇళ్ళు మనవాళ్ళలో ఎన్నో.

1993లో దూరదర్శన్ తెలుగు ఉపగ్రహ ఛానల్ మొదలైంది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. దానితో దూరం సమస్య తీరింది, ఇరవై ఏళ్ళ కిందట జాలిగిన్నె తీర్చినట్లే. గొడుగు యాంటెన్నా ఉన్న కేబుల్‌వాడు దయతలిస్తే బరంపురంలోనూ తెలుగే. కాని ఆ తెలుగు ఎవరిది? బరంపురం ఇంట్లో అవ్వ మాట్లాడే మాట, హోసూరు పెద్దలు మాట్లాడే మాట ఏ కేంద్రం పెట్టెలోంచీ రాలేదు. టెలివిజన్ తెలుగు విన్న పిల్లలు తమ ఇంటి తెలుగును తప్పు తెలుగు అనుకోవడం మొదలుపెట్టారు. మా తరగతి గదుల్లో ఈ బెరుకును మేము చూస్తూనే ఉన్నాం. ఖేడా జిల్లా యాసకు పిజ్ స్తంభం ఇచ్చిన గౌరవం ఆంధ్రకు వెలుపలి తెలుగుకు ఏ స్తంభమూ ఇవ్వలేదు.

2003లో సప్తగిరి అన్న పేరు వచ్చింది. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు ఛానల్ కూడా రెండైంది. సప్తగిరి విజయవాడకు వెళ్ళగా, రామంతాపూర్ కేంద్రం యాదగిరి అయింది. దూరదర్శన్ పాత తరహా భూతల ప్రసారాలు 2022 నాటికి కొద్దిచోట్ల తప్ప దేశమంతటా ఆగిపోయాయి. సైట్ ఏడాదిలో పెట్టె ముందు కూర్చున్న బడిపిల్లలకు ఇప్పుడు అరవై దాటుతోంది. రాయచూరు, గుల్బర్గా వైపు ఊళ్ళున్న మన విద్యార్థులు సెలవులకు వెళ్ళినప్పుడు, బడి వసారాలో ఆ సాయంత్రాలు ఏ భాషలో ఏం విన్నారో తమ పెద్దలను అడిగి, వారి మాటల్లోనే రాసి తెస్తే రాబోయే సంచికల్లో ప్రచురిస్తాం.