పనివారి ఒప్పంద భంగ చట్టం (1859)

బయానా పుచ్చుకుని పనికి రాని కూలీలను, చేతివృత్తులవారిని జైలుకు పంపడానికి బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం తెచ్చిన చట్టం ఇది. 1859 నాటి 13వ చట్టంగా వచ్చి, 1926 ఏప్రిల్ 1న రద్దయ్యేదాకా అమల్లో ఉంది. ఒప్పందం తప్పినవాడి మీద నష్టపరిహారానికి సివిల్ దావా వేసుకోవడం మామూలు పద్ధతి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ చెప్పేదీ అదే. కూలి చేసుకునేవాడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాట తప్పడమే నేరమైంది.

దీని మూలాలు ఇంగ్లండులో ఉన్నాయి. 1348లో మొదలైన ప్లేగుకు జనం పిట్టల్లా రాలిపోయి, మిగిలిన కూలీలు ఎక్కువ కూలి అడగసాగారు. వారిని కట్టడి చేయడానికి 1351లో అక్కడ ఒక శాసనం చేశారు. 1823 నాటి యజమాని-సేవకుల చట్టం కూడా పని మధ్యలో వదిలేసిన సేవకుడికి జైలు శిక్ష విధించింది. అక్కడి కార్మిక సంఘాలు పోరాడగా 1875లో ఇంగ్లండు ఆ శిక్షను ఎత్తివేసింది. తమ దేశంలో అన్యాయమని తీసేసినదాన్ని పాలకులు ఇక్కడ ఇంకో యాభై ఏళ్లు నడిపారు.

పనివాళ్లు ముందుగా సొమ్ము తీసుకుని ఎగవేయడంతో కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాల్లో వర్తకులు నష్టపోతున్నారన్నది చట్టం పీఠికలో చెప్పిన కారణం. యజమాని ఫిర్యాదు చేస్తే మేజిస్ట్రేటు ఆ మనిషిని పిలిపిస్తాడు. తగిన కారణం లేకుండా పని మానేశాడని తేలితే బయానా తిరిగి కట్టమనో, పని పూర్తి చేయమనో ఆదేశిస్తాడు. ఆ రెంటిలో ఏది కావాలో కోరుకునే హక్కు యజమానిదే. ఆదేశం పాటించకపోతే మూడు నెలల దాకా కఠిన శిక్ష. డబ్బు కట్టలేక జైలుకు వెళ్లొచ్చినా బాకీ తీరినట్టు కాదు, దాని కోసం యజమాని విడిగా సివిల్ దావా వేసుకోవచ్చు. పైగా ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలన్న నియమం లేదు, నోటిమాట చాలు. చదువురాని కూలి ఏ షరతుకు ఒప్పుకున్నాడో కాగితం మీద ఎక్కడా లేకుండానే అతణ్ణి జైలుకు పంపే వీలుండేది. అదే యజమాని కూలి ఎగ్గొడితే అతణ్ణి శిక్షించే సెక్షన్ ఒక్కటీ ఇందులో లేదు. ఈ చట్టంలోని అసలు అన్యాయం ఇక్కడే ఉంది.

మూడు నగరాలకని చేసినదాన్ని ఇతర ప్రాంతాలకూ విస్తరించే అధికారం ప్రభుత్వానికి ఉండేది. అలా అది అస్సాం తేయాకు తోటలకు చేరింది. గంజాం, విశాఖ జిల్లాల నుంచి కూడా కూలీలను ఆ తోటలకు తరలించారు. 1860 నాటి శిక్షాస్మృతి ఇదే దారి పట్టింది. పల్లకీ మోసే బోయీ మజిలీ మధ్యలో వదిలేసి పారిపోవడాన్ని 490వ సెక్షన్ కింద ఉదాహరణగా చూపి, నెల దాకా జైలు గానీ, వంద రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చంది. యజమాని ఖర్చుతో దూరప్రాంతానికి వెళ్లి పని మానేసినవారి మీదికి 492వ సెక్షన్ వచ్చింది.

1925లో చేసిన రద్దు చట్టం 1859 నాటి చట్టంతో పాటు ఈ రెండు సెక్షన్లనూ తొలగించింది. నిస్సహాయులను చూసుకుంటానని ఒప్పుకుని వదిలేసేవారికి సంబంధించిన 491 ఒక్కటే మిగిలింది. అది ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 357వ సెక్షన్‌గా ఉంది.

చట్టం పోయినా బయానా కట్టు తెగలేదు. మన్యంలో అప్పు తీరేదాకా షావుకారు దగ్గర చాకిరీ చేయించే గొత్తి పద్ధతిని నిషేధిస్తూ మద్రాసు ప్రభుత్వం 1940లో ఏజెన్సీ ప్రాంతాలకు ఒక రెగ్యులేషన్ తెచ్చింది. దేశమంతటికీ వర్తించే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. దాని ప్రకారం వెట్టికి కట్టిపడేసిన అప్పు రద్దవుతుంది, దాని వసూలుకు ఏ కోర్టులోనూ దావా చెల్లదు. వెట్టి చేయించినవారికి మూడేళ్ల దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా పడతాయి.