షోలాపురపు నేతపేటలు: కరవునీరు, రంగునీరు

షోలాపురము నదీతీర నగరము కాదు. పడమట కొన్ని క్రోసుల దూరమున సీనానది పారుచున్నది. దక్షిణమున భీమానది గలదు. ఊరికి దాపున నున్నది అదిలా అను చిన్న యేరు మాత్రమే. అది సీనలో గలియును. సీన భీమలోను, భీమ కృష్ణలోను గలియును. సహ్యాద్రి యడ్డముగా నిలిచి మేఘములను పడమటనే ఆపివేయుటచే ఈ జిల్లాకు ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతము వాన మాత్రమే దక్కును. అదియు ఏరువాకనాటికి గాక ఉత్తర, హస్త కార్తెలలో, అనగా సెప్టెంబరు మాసమున, ఎక్కువగా కురియును. ఆ వాన సకాలమున వచ్చినచో జొన్నచేను పండును. రానిచో కరవు. ఒక్కసారిగా వచ్చినచో వరద.

ఇట్టి చోటికి మన పద్మశాలీలు వచ్చి మగ్గములు పాతుకొనుట వింతగా దోచును. నేతపనికి నూలెంత యవసరమో నీరును అంత యవసరము. నూలు నుడుకబెట్టుటకు నీరు, రంగు తొట్టికి నీరు, పడుగునకు గంజి పెట్టుటకు నీరు. పడుగును వీధి పొడవున చాపి కుంచెతో దువ్వునపుడు మాత్రము చినుకు పడరాదు. గుంతమగ్గమునకు కావలసిన తేమ గుంతలో నుండవలెను గాని, నీరు గుంతలోనికి రాగూడదు. నేతగాని జీవితమంతయు ఈ హద్దుల నడుమ జరిగినది. అందుచేతనే మన పేటల చరిత్రను నూటిమిల్లుల వైపునుండి గాక నీటివైపునుండి చూడ నాకు బుద్ధి పుట్టినది.

ఈ యూరికి నీటిబుద్ధిని మొదట నేర్పినవాడు శివయోగి సిద్ధరామేశ్వరుడు. పండ్రెండవ శతాబ్దమున, బసవేశ్వరుని కాలమున, సొన్నలిగె యను పేరుతో నున్న ఈ గ్రామమున ఆయన చెరువు త్రవ్వించెను. భక్తులు తట్టలతో మన్ను మోసిరని సంప్రదాయము చెప్పుచున్నది. వచనములు చెప్పిన మహనీయుడు మన్ను మోయుటను గూడ పూజగా నెంచెను. నేటికిని మకర సంక్రాంతినాడు గడ్డయాత్ర ఆయన పేరనే జరుగుచున్నది. తెలుగువారు ఇచ్చటికి వచ్చునప్పటికే ఆ చెరువు ఏడు వందల యేండ్ల ప్రాయము గలది.

మనవారు వచ్చినది ప్రధానముగా పందొమ్మిదవ శతాబ్దమున. నైజాము రాజ్యములోని పాలమూరు, నల్లగొండ, ఓరుగల్లు, కరీంనగరు ప్రాంతములనుండి కొందరు కాలినడకను, కొందరు బండ్లపైని వచ్చిరి. 1860లో రైలు షోలాపురమునకు వచ్చెను. 1871 నాటికి రాయచూరు వరకు సాగెను. 1874లో వాడినుండి హైదరాబాదు మార్గము తెరువబడెను. అటు పిమ్మట మగ్గపు సామగ్రి మూటగట్టుకొని వచ్చుట సులభమాయెను. సరిగా అదే కాలమున 1876–78 నాటి మహాక్షామము దక్కను నంతటిని దహించెను. ఆ క్షామము మధ్యనే, 1877లో, మొరార్జీ గోకుల్‌దాసు స్థాపించిన నూటిమిల్లు, నేడు జనులు జూనీమిల్లని చెప్పుకొనునది, పనిచేయ నారంభించెను. కూటికి లేనివారికి అది కూడు పెట్టెను. ఊరికి ఈశాన్యమున అదిలా యేటికి అడ్డముగా కట్టిన ఎక్రుఖ్ చెరువు 1871 నాటికే సిద్ధమై యుండెను. మూడు వందల కోట్లకు పైగా ఘనపుటడుగుల నీరు పట్టు ఆ తటాకము ఆ కాలమున బొంబాయి రాజధానిలో మిక్కిలి పెద్దవాటిలో నొకటి. 1880 ప్రాంతమున దాని నీటిని యంత్రములతో పైకి దోడి పట్టణమునకు తెచ్చిరి. హిప్పరగా చెరువని దానికే మరియొక పేరు.

కరవు నేతగానిని కొట్టు విధము రైతును కొట్టు విధమువంటిది కాదు. చేను లేనివానికి వానతో నేమి పనియని తలంతుము గాని, షోలాపురపు చీర కొనునది పల్లెటూరి రైతుభార్య. జొన్న పండని యేట ఆమె చీర కొనదు. చీర పోనిచో సాహుకారు నూలీయడు. రైతుకు విత్తనమైనను మిగులునేమో గాని, నేతగానికి మిగులునది ఖాళీమగ్గమే. 1896–97, 1899–1900 సంవత్సరముల క్షామములందు నేతగాండ్రను రాళ్లు కొట్టు పనులకు తోలినచో చేతులు మొరటుదేలి మరల మగ్గమునకు పనికిరాకుండ పోవునని యోచించి, షోలాపురమున వారికి నూలిచ్చి, నేసిన బట్టకు కూలియిచ్చి, వృత్తిలోనే సహాయము చేసిరి. క్షామనివారణ చరిత్రలో ఈ యేర్పాటునకు తగిన ప్రశస్తి రాలేదని నా తలంపు. ఈనాడు వాతావరణపు మార్పును తట్టుకొను శక్తి యని పండితులు చెప్పుచున్న దానికి నూటపాతికేండ్ల క్రిందటి యుదాహరణ మన పేటలలోనే యున్నది.

ఇక రంగుల కథ. తెలుగు నేతగాండ్రు పూర్వము చిరివేరుతో ఎరుపును, నీలిమందుతో నీలమును దీసెడివారు. 1869లో జర్మనీ రసాయనికులు చిరివేరులోని ఎరుపునకు మూలమైన అలిజరీనును ప్రయోగశాలలో సిద్ధము చేసిరి. 1897లో కృత్రిమపు నీలి విపణికి వచ్చెను. 1901లో రెనే బోన్ అను నాతడు ఇండాంత్రీన్ నీలమును కనుగొనెను. అటనుండి వచ్చినవే వ్యాట్ రంగులు. అవి నీట కరగవు. కాస్టిక్ సోడా, హైడ్రోసల్ఫైటు కలిపి కరగునట్లు చేసి నూలునకు పట్టించి, పిదప గాలికి ఆరవేయగా రంగు దారములో గట్టిపడి నిలుచును. ఎన్ని యుదుకులైనను పోని షోలాపురపు దుప్పటి రంగు పేరుపొందుటకు కారణ మిదియే. కాని దారమును బట్టక మిగిలిన రంగు, క్షారము, ఉప్పు ఎక్కడికి పోవును? తొట్టి క్రింది తూము నాలాలోనికే గదా! పాత పద్ధతి తొట్లలో కిలో నూలునకు నూరు లీటర్ల ప్రాంతము నీరు పట్టును. త్రాగుటకు నీరు చాలని యూరిలో ఇంతనీరు రంగుగా మారి బయటికి పోవుచున్నదనుట ఆలోచింపదగినది.

1994లో జర్మనీ కొన్ని అజో రంగులను వంటికి తగులు బట్టలపై నిషేధించెను. మన తువ్వాళ్లు ఐరోపాకు పోవునవి గనుక ఆ వార్త పూర్వభాగపు కార్ఖానాలలో నెవరికిని తెలియకుండ నుండలేదు. 1997లో భారత ప్రభుత్వమును నిషేధము విధించెను. మంచిదే. అయితే విదేశీయుని చర్మమును గూర్చి కలిగిన ఈ శ్రద్ధ, నాలా దిగువనున్న పల్లెల బావులను గూర్చి అంత త్వరగా కలుగలేదు. 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టమునకు ఏబదియేండ్లు నిండినవి.

మనకును ఫిర్యాదున్నది, అది న్యాయమైనదే. 1980లో భీమపై ఉజని యానకట్ట పూర్తియైన పిదప నగరపు దాహము క్రమముగా దానిమీదనే ఆధారపడెను. నూరు కిలోమీటర్లకు పైగా గొట్టములలో వచ్చు నా నీరు, పూనా, పింప్రి-చించువడ నగరముల మురుగును ములా, ముఠానదుల ద్వారా కలుపుకొని వచ్చు భీమనీరు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో ప్రకటించిన పట్టికలో దేశమునందెల్ల అధికముగా మహారాష్ట్రమునందే 53 కలుషిత నదీభాగములుండగా, అందు భీమయు నొకటి. పలు సంవత్సరములు మన పేటలకు నాలుగైదు దినముల కొక్కసారి నీరు వచ్చెడిది. నీళ్లు వచ్చు వేళ యర్ధరాత్రమైనచో బీడీలు చుట్టు స్త్రీలు నిద్రమాని బిందెలు పట్టి, తెల్లవారి లెక్క తగ్గినందుకు కూలి కోల్పోయెడివారు. నీటి కొరతకు గల ఈ ధర ఏ నివేదికలోను కానరాదు. 2024 వేసవిలో ఉజని మృతనిల్వకు చాల దిగువకు పడిపోయినది.

అయితే పూనావారు మనకు చేయుచున్న దానినే మనము సీనాతీరపు రైతులకు చేయుచున్నామా యని అడుగుకొనక తప్పదు. ఎగువవారిపై కోపించువాడు తన దిగువ నెవరున్నారో చూడడు. ఇందు రెండు పట్టణముల కథలు మనకు తెలిసియుండవలెను. తమిళనాడులోని తిరుప్పూరున బనియన్ల రంగునీరు నొయ్యల్ నదిని పాడుచేయగా, దిగువ ఆయకట్టు రైతులు సంఘముగా నేర్పడి న్యాయస్థానమున కెక్కిరి. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఏడు వందలకు పైగా రంగుల కార్ఖానాలను మూయించెను. నది పక్షమున అది ధర్మమే. కాని ఆ మరునాడు పనిలేక నిలిచినవారు యజమానులు కారు. మహారాష్ట్రములోనే ఇచల్‌కరంజి యను మన వంటి మగ్గాల పట్టణమున, పంచగంగ నీటి కాలుష్యముచే 2012లో కామెర్లు వ్యాపించి పలువురు మరణించిరి. మొదటిచోట ఆలస్యపు మూల్యమును కూలీలు చెల్లించిరి. రెండవచోట నీరు త్రాగినవారు చెల్లించిరి. మన చిన్న డైయింగు కార్ఖానాదారుడు ఒంటరిగా శుద్ధియంత్రమును పెట్టజాలడు. పదుగురు కలిసినచో పెట్టగలరు. ఈ మాట చెప్పినందుకు నాపై కోపించు బంధువులున్నారని యెరుగుదును.

వరదల సంగతి. కరవుసీమకు వరద యేమిటని నవ్వుట కూడదు. 2020 అక్టోబరు 14న, చిత్త కార్తెలో, జిల్లాయంతట కుంభవృష్టి కురిసెను. పండరిపురమున కుంభారఘట్టపు గోడ కూలి ఆరుగురు మరణించిరి. 2025 సెప్టెంబరులో ఎగువ ధారాశివ, బీడు ప్రాంతముల వానలకు సీన పొంగి, మాఢా, మోహోళ మొదలగు తాలూకాల పల్లెలను ముంచి, లాంబోటి వద్ద పూనా రహదారిని నిలిపివేసెను. నగరములోను పల్లపు వాడలలోనికి నీరు చేరినచో మొదట నానునది మరమగ్గము క్రింది పడుగు, పిదప మోటారు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ధ్వంసము చేసినప్పుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య చెప్పిన యుపాయము, ఎగువన నీటిని నిలుపుట. దాని ఫలమే 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు. వరదను తప్పించు కట్టయే దప్పిక తీర్చు కట్టయుగూడ నాయెను. మనకు ఎక్రుఖ్ చెరువు ముందే యున్నది. పూడిక తీయుట, అదిలా నాలాల దారిని ఆక్రమణలు లేకుండ కాచుట, పేటలలోని పాతబావులను చెత్తకుండీలు గాకుండ చూచుట మన చేతిలోనివి.

కలిసి పనిచేయుట మనవారికి కొత్త గాదు. శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయ రథమును లాగునపుడు ఎవడును రెండవవాడు లాగునని నిలువడు. విద్యాసంస్థలు వెలసినవి, మార్కండేయుని పేర సహకార వైద్యాలయమే నిలిచినది. బీడీకార్మిక స్త్రీలు నరసయ్య ఆడం నాయకత్వమున దీర్ఘకాలము పోరాడి కుంభారి వద్ద పదివేల యిండ్ల గోదూతాయి పరుళేకర్ కాలనీని సాధించిరి. 2006లో అది వారికి దక్కెను. ఆ సమీపముననే రాయనగరున ముప్పదివేల యిండ్లకు సంకల్పించి, 2024 జనవరి 19న మొదటి పదునైదువేల నందుకొనిరి. రేకుల క్రింద వేసవిలో మాడి, వానలో తడిసినవారు గట్టి కప్పు క్రిందికి చేరిరి. ఈ స్త్రీలే తమ నీటిని గూర్చియు అడుగ మొదలిడినచో కార్యాలయములు వినక తప్పదు.

నగరమునకు దక్షిణమున హత్తరసంగ కూడల్ వద్ద సీన భీమలో గలియును. మరాఠీ భాషలోని అతిప్రాచీన శాసనములలో నొకటిగా పండితులెంచిన 1018 నాటి శాసనము ఆ సంగమేశ్వరాలయముననే యున్నది. అచ్చట మెట్లమీద నిలిచి చూచినచో ఏ నీరు సీనదో, ఏ నీరు భీమదో, అందు మన తొట్ల నీరెంతయో తెలియదు. అది తూర్పునకు పోయి, తంగిడి వద్ద కృష్ణలో గలిసి, నారాయణపేట సీమను ఒరసికొని పాలమూరు పొలముల ప్రక్కన సాగును. మన తాతలు మగ్గము మూటగట్టుకొని బయలుదేరిన ఊళ్లు ఆ గట్టుననే యున్నవి.