సౌందర్య శస్త్రచికిత్స - సర్జను ఎంపిక

సౌందర్య శస్త్రచికిత్స అనగా వ్యాధి లేని శరీర భాగపు ఆకృతిని వ్యక్తి కోరిక మేరకు మార్చే చికిత్స. ఇది ప్లాస్టిక్ సర్జరీలో ఒక భాగం. ముక్కు సవరణ, కొవ్వు తీయుట (లైపోసక్షన్) మొదలైనవి ఈ కోవకు చెందుతాయి. ఇవి అత్యవసర చికిత్సలు కావు గనుక సర్జను గురించి విచారించుటకు కావలసినంత వ్యవధి ఉంటుంది.

భారతదేశంలో ప్లాస్టిక్ సర్జను కాదలచినవారు సాధారణంగా ఎం.బి.బి.ఎస్. తరువాత మూడేళ్ళ ఎం.ఎస్. (జనరల్ సర్జరీ), ఆపై మూడేళ్ళ ఎం.సిహెచ్. (ప్లాస్టిక్ సర్జరీ) చదువుతారు. హైదరాబాదులోని ఉస్మానియా వైద్య కళాశాలలో ఈ ఎం.సిహెచ్. కోర్సు ఉంది. జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే పట్టా కూడా దీనితో సమానమైనదే. "కాస్మెటిక్ సర్జన్" అన్నది మాత్రం పట్టా పేరు కాదు. స్వల్పకాలిక శిక్షణ పొందినవారు సైతం ఆ మాటను బోర్డుపై రాసుకొనుట కద్దు. సంఘాల సభ్యత్వ పత్రాలు గోడపై ఎన్ని ఉన్నా అవి పట్టాకు బదులు కావు.

2020 సెప్టెంబరు 25న భారతీయ వైద్య మండలి స్థానంలో జాతీయ వైద్య కమిషన్ ఏర్పడింది. కమిషన్ వెబ్‌సైటులోని వైద్యుల పట్టికలో పేరు, నమోదు సంఖ్యల ఆధారంగా వెదకవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వేర్వేరు రాష్ట్ర వైద్య మండళ్ళు ఉన్నాయి. ఎం.బి.బి.ఎస్. నమోదు ఒక్కటే చాలదు; ప్లాస్టిక్ సర్జరీ పట్టా అదనపు అర్హతగా నమోదైనదో లేదో చూడవలెను.

చికిత్స జరిగే చోటు కూడా ముఖ్యమే. మత్తు ఇచ్చే వైద్యుడు ఎవరు, పరిస్థితి విషమిస్తే ఏ ఆసుపత్రికి తరలిస్తారు అన్నవి ముందే అడగవలెను. లైపోసక్షన్‌లో ఒకే దఫా 5 లీటర్లకు మించి తీసినచో దానిని అధిక పరిమాణంగా పరిగణిస్తారు. అటువంటివారిని ఆ రాత్రి ఆసుపత్రిలోనే పరిశీలనలో ఉంచవలసి ఉంటుంది.